పాలపొత్తు

తూదా ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా ఉంటే సరిపోయేది.

కానీ అడక్కుండా ఎలా ఉంటుంది చెప్పండి? ఆ కొండల్లో మనిషి ఎదురైతే ముందు సలామ్ చెప్పాలి, ఒంట్లో ఎలా ఉందని, ఇంట్లో ఎలా ఉన్నారని, మేకలెలా ఉన్నాయని, మీ వైపు వాన పడిందా అని వరసగా అడగాలి. అవన్నీ అయ్యాక "ఇంతకీ మీరు ఎవరి వాళ్ళు?" అనాలి. అనకపోతే పొగరుబోతు పిల్ల అంటారు. తూదాని ఇప్పటికే జనం చాలా అంటున్నారు, దానికి ఇదొకటి తోడెందుకని ఆ పొద్దున, తారురోడ్డు ఆగిపోయేచోట, టీకొట్టు ముందు వ్యాన్ దిగిన, తను కొండెక్కించాల్సిన మనిషిని నవ్వుతూ అడిగేసింది.

"ఎవరి వాళ్ళన్నా మీరు?"

ఆ మనిషి పేరు జవాద్. కాసాబ్లాంకాలో ఫ్రిజ్‌లు అమ్మే కంపెనీలో మంచి ఉద్యోగం. ముప్పై దాటి ఉంటాయి, కొంచెం బొజ్జ, నల్లకళ్ళద్దాలు, అప్పుడే పెట్టెలోంచి తీసినట్టు మెరుస్తున్న బూట్లు. కొండభాషే మాట్లాడుతున్నాడు గానీ ప్రతి మాటకీ పట్నం పాలిష్ పట్టి ఉంది.

"మా తాతది ఈ పక్కనే. అయిత్ ఇజెమ్" అన్నాడు.

కంచరగాడిద మీద టెంట్లు కడుతున్న హద్దూ బాబాయి చేతిలో తాడు ఉన్నచోటే ఆగిపోయింది. టీకొట్టువాడు పైకెత్తి పోస్తున్న టీ గ్లాసు దాటి పళ్ళెంలో పడింది.

"మరి నువ్వు?" అన్నాడు జవాద్.

ఏదో ఒక ఊరి పేరు చెప్పేస్తే పోయేది. కానీ అయిత్ ఇజెమ్ మనిషికి తూదా వాళ్ళ ఊరివాళ్ళు అబద్ధం చెప్పకూడదు.

"అయిత్ ఉఫ్రా" అంది.

జవాద్ కళ్ళద్దాలు తీశాడు. మొహమంతా నవ్వు. "అయితే నువ్వు నాకు పాల చెల్లెలివన్నమాట!"

తాతల తాతల కాలంలో ఈ రెండు ఊళ్ళూ పచ్చిక కోసం తలలు పగలగొట్టుకున్నాయి. చంపుకుని చంపుకుని విసుగొచ్చాక ఒకరోజు రెండు ఊళ్ళ బాలింతలు ఎదురెదురుగా వరస కట్టి కూర్చుని, వీళ్ళ పిల్లలకి వాళ్ళు, వాళ్ళ పిల్లలకి వీళ్ళు పాలిచ్చారు. అదే పాలపొత్తు. ఆ రోజునుంచి రెండు ఊళ్ళూ ఒక తల్లి పిల్లలే. వీళ్ళకీ వాళ్ళకీ పెళ్ళిళ్ళు కుదరవు, ఒకళ్ళమీద ఒకళ్ళు గొంతు పెంచకూడదు, అబద్ధం ఆడకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, పాలపొత్తు మనిషి నోరు తెరిచి ఏదైనా అడిగితే కాదనకూడదు. కాదంటే? అయిత్ ఉఫ్రాలో పసిపిల్లనడిగినా చెబుతుంది. బార్లీ గింజలు లేవన్నవాడి పొలంలోనే వడగళ్ళు పడ్డాయి, పక్కవాడి పొలంలో పడలేదు. ఉప్పు ఇవ్వనన్నవాడి నాలుక వంకర పోయింది. అందుకే సంతలో ఈ రెండు ఊళ్ళవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూస్తే దారి మార్చేస్తారు. ప్రేమ లేక కాదు, ఉంది కాబట్టే! ఎవరైనా పొరపాటున "మీ ఇంటి దూలం బావుందే" అన్నారనుకోండి, దూలం పీకి ఇవ్వాల్సొస్తుంది. ఒకసారి ఇచ్చారు కూడా. ఆ చలికాలమంతా ఆ ఇంట్లోవాళ్ళు మేకల పాకలోనే పడుకున్నారు.

హద్దూ బాబాయి తూదాని గాడిద చాటుకి లాక్కెళ్ళాడు.

"ఎందుకడిగావే? ఊరికే నడిపించి తీసుకెళ్ళి తీసుకొచ్చేయొచ్చుగా?"

"అడగాలి కదా బాబాయ్, మర్యాద!"

"నీ మర్యాద మండ. ఇప్పుడేం చేస్తావ్?"

"బాస్సూకి అప్పజెప్పేస్తా. ఇక్కడే ఉన్నాడుగా."

బాస్సూ పక్కలోయ గైడు, అందరికంటే పాతవాడు. ఫ్రెంచివాళ్ళ గుంపు కోసం టీకొట్టులో కూర్చుని రొట్టె తేనెలో ముంచుకు తింటున్నాడు. అతనికి ఈ పాలపొత్తు లేదు, ఎవరికైనా కాదని చెప్పగలడు. కానీ అప్పజెప్పడమంటే? తూదాకి గైడు కార్డు వచ్చింది మొన్న చలికాలంలోనే. ఆ లోయలో కార్డున్న ఆడపిల్ల తనొక్కతే. తనకంటూ ఒక మనిషిని ఎమ్‌గూన్ శిఖరానికి తీసుకెళ్ళడం ఇదే మొదలు. మొదటి మనిషినే వేరే గైడుకి ఇచ్చేస్తే బాస్సూ లోయలోయా తిరిగి చెబుతాడు. ఆ కార్డు ఇంట్లో రొట్టెల పెనం కింద పెట్టుకోవాల్సిందే.

అయినా సరే, ఇచ్చేద్దామనుకుంది. గాడిద చాటునుంచి బయటికొచ్చి నోరు తెరిచింది. అంతకంటే ముందే జవాద్ నోరు తెరిచేశాడు.

"చెల్లెమ్మా, ఒక్కటే అడుగుతా. నన్ను ఎమ్‌గూన్ శిఖరం మీదికి నువ్వే తీసుకెళ్ళాలి. పైదాకా. పాలపొత్తు మీద అడుగుతున్నా."

అంతే. అయిపోయింది. టీకొట్టులో బాస్సూ వేళ్ళు నాక్కుంటూ పడీపడీ నవ్వాడు. "వెళ్ళమ్మా వెళ్ళు! మీ అన్నయ్య అడిగాడుగా! గాలొస్తే ఏడవకండి ఇద్దరూ!"

"సరే అన్నా" అంది తూదా.

మొదటిరోజంతా అక్రోటు చెట్ల కింద, కాలవల పక్కన నడక. మట్టిగోడల ఇళ్ళు, కప్పుల మీద ఎండబెట్టిన మొక్కజొన్న కంకులు, దారి పక్కన మేకల్ని తోలుకొస్తున్న ఆడవాళ్ళు. తూదాని చూసి వాళ్ళంతా చేతులూపుతున్నారు, "మా పిల్ల, మా గైడు పిల్ల!" అని. మామూలుగా అయితే తూదాకి ఆ పిలుపు వింటే కాళ్ళకి రెక్కలొచ్చేవి. ఇవాళ మెడ చుట్టూ ఎవరో ఉన్నితాడు చుట్టి మెల్లిగా లాగుతున్నట్టుంది.

ఎందుకంటే జవాద్‌కి ఆట దొరికింది!

"చెల్లెమ్మా, ఆ సంచీ కాస్త పట్టుకోవా?" పట్టుకుంది. "చెల్లెమ్మా, పాట పాడవా?" పాడింది, ఊపిరాడక. "చెల్లెమ్మా, ఆ పైనున్న తేనెతుట్టె..." అంటుండగానే హద్దూ బాబాయి గాడిద చెవిలో ఏదో గుచ్చాడు, అది ఓండ్రపెట్టి దారంతా దద్దరిల్లేలా చేసింది, ఆ గోలలో జవాద్ మాట కొట్టుకుపోయింది. వినపడకపోతే అడిగినట్టు కాదు! ఆ ఒక్క దారీ కనిపెట్టారు వాళ్ళు. ఆ గాడిద పేరు మంత్రి. తింటుంది, ఎవరు చెప్పినా వినదు అని బాబాయి పెట్టిన పేరు. ఆ రోజు అది అరిచినన్నిసార్లు దాని జన్మలో అరవలేదు.

ఇంకో ఉపాయం ముందు నడవడం. తూదా గబగబా అడుగులేసి, పిలిస్తే వినపడనంత దూరం పోయేది. కానీ గైడన్నాక ఎంతసేపు అలా పోగలదు? మనిషి వెనక్కి పడిపోతే ఆగాలి. ఆగితే వాడొస్తాడు. వస్తే అడుగుతాడు. అసలు ఆ మనిషి చెడ్డవాడు కాడు, అదే కదా ఇబ్బంది! అడిగిన ప్రతిదానికీ "దేవుడు నీకు మేలు చేయాలి చెల్లెమ్మా" అని చేయి గుండెకి ఆనించుకుంటాడు. కోపం తెచ్చుకుందామన్నా కుదరదు. పాలపొత్తు మనిషి మీద కోపం రాకూడదు కూడా.

సాయంత్రానికి చివరి ఊళ్ళో ఇత్తో ముసలమ్మ ఇంటికి చేరారు. ఆవిడ మొగుడు పోయాక వచ్చేపోయేవాళ్ళకి అన్నం పెట్టి పడుకోడానికి చోటిస్తుంది. నిప్పుల మీద మట్టి మూకుడులో మేకమాంసం, టర్నిప్పులు ఉడుకుతున్నాయి. టీలో పుదీనా దొరక్క కొండ వాము ఆకు వేసింది. జవాద్ ఎవరో, తూదా ఎవరో తెలియగానే ఆవిడ పళ్ళులేని నోటితో నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"అల్లా! ఉఫ్రా పిల్ల ఇజెమ్ పిల్లాణ్ణి కొండెక్కిస్తోందా? మా రోజుల్లో అయితే నిన్ను చూడగానే అది లోయలోకి దూకేసేది నాయనా!"

"అదేం లేదవ్వా, నేనే వెతుక్కుంటూ వచ్చా" అన్నాడు జవాద్ రొట్టె తుంచుకుంటూ.

తూదా చేతిలో ముద్ద ఆగింది. "వెతుక్కుంటూనా?"

"మరి! నిరుడు వచ్చాను కదా, వేరే గైడుతో. పైన శిఖరానికి పోయే కొండగట్టు మొదట్లో నించుని, గాలి బాలేదు వెనక్కి పదండి అన్నాడు. బతిమాలాను. ఊహూ. గైడు మాటే చివరి మాటట! ఆఫీసులో అందరికీ చెప్పేసి వచ్చా. ఫ్రిజ్ ఎక్కలేనివాడు పర్వతమెక్కుతాడట అని ఏడాదంతా ఏడిపించారు. అప్పుడు మా నానమ్మ చెప్పింది. ఉఫ్రా వాళ్ళెవరైనా గైడుగా ఉంటే చూసుకోరా, వాళ్ళు నిన్ను కాదనలేరు అని." నవ్వాడు. "ఫోన్లో కనుక్కున్నా. ఒక్కతే ఉందన్నారు. నువ్వే!"

అంటే తను అడగకపోయినా వాడే చెప్పేవాడు. ప్రశ్న వల్ల కాదు, తను గైడు అయినందువల్లే చిక్కుకుంది! తూదా ముద్ద తిరిగి పళ్ళెంలో పెట్టేసింది.

ఇత్తో ముసలమ్మ మాత్రం నవ్వడం ఆపేసింది. "నాయనా, పాలపొత్తులో అడగడం తేలిక కాదు. అవసరం ఉంటేనే అడగాలి. ఆటకి అడిగితే అడిగినవాడికే చుట్టుకుంటుంది."

"నాకు అవసరమే అవ్వా" అన్నాడు జవాద్. ఈసారి నవ్వలేదు. "నిజంగా."

తర్వాతి రోజు లోయ దాటి, కనుమ దాటి, పైన పచ్చిక బయలుకి చేరారు. అక్కడ చెట్టన్నది లేదు. నేల పెద్ద బేసిన్‌లా ఉంటుంది, దాని వెనకాల ఎమ్‌గూన్ గట్టు పొడుగ్గా, ఎవరో పడుకుని చేయి చాపినట్టు. బాస్సూ గుంపు అప్పటికే వచ్చి టెంట్లు వేసేసింది. ఆ సాయంత్రం గట్టు పైఅంచున మబ్బు చిన్నగా, చదునుగా, గద్ద రెక్క ఆకారంలో నిలబడింది. కదలడంలేదు. కింద బయల్లో గడ్డిపోచైనా ఊగడంలేదు, పైన మాత్రం ఆ మబ్బు అంచులు పీచులు పీచులుగా ఊడిపోతున్నాయి.

ఆ మబ్బు వెనక ఎలాంటి గాలి ఉంటుందో తూదాకి తెలుసు. ఎడారి వైపునుంచి వచ్చే గాలి. గట్టు మీద నించున్న మనిషికి దాక్కోడానికి బండ కూడా ఉండదు.

బాస్సూ తన టెంటు ముందు నించుని పైకి చూసి ఉమ్మేశాడు. "మావాళ్ళు రేపు కిందే. కావాలంటే పేకాడుకుంటారు. నువ్వేం చేస్తావమ్మాయ్?"

తూదా జవాద్ దగ్గరికెళ్ళింది. అబద్ధం చెప్పకూడదు కదా, నిజమే మొత్తం చెప్పింది. మబ్బు సంగతి, గాలి సంగతి, గట్టు ఎంత పొడుగో, మధ్యలో దిగడానికి ఎక్కడ వీలుందో, ఎక్కడ లేదో. జవాద్ బుద్ధిగా విన్నాడు. అన్నీ విని, "నిరుడూ ఇదే చెప్పాడు" అన్నాడు.

"నిరుడూ నిజమే చెప్పాడన్నా."

"చెల్లెమ్మా. నువ్వు రానంటున్నావా?"

ఆ మాట అడుగుతున్నప్పుడు అతని మొహంలో తెలివేం లేదు. మోసమూ లేదు. పుట్టినరోజుకి కొత్త చొక్కా దొరుకుతుందో లేదో అని చూసే పిల్లాడి మొహం.

"నేనలా అనలేదు" అంది తూదా. అనకూడదు కాబట్టి.

"అయితే పొద్దున్నే బయల్దేరదాం."

గాడిద పక్కన రాళ్ళ మీద కూర్చుని తూదా బాబాయితో వాదులాడింది.

"కడుపునొప్పని చెప్పవే."

"లేదుగా."

"వచ్చేలా ఏదన్నా తిను!"

"బాబాయ్!"

"పోనీ నువ్వూ అడుగు. వాడూ నిన్ను కాదనకూడదు కదా? వెళ్ళొద్దని అడిగెయ్."

తూదా అది ఆలోచించకపోలేదు. నిన్నటినుంచీ అదే ఆలోచన. "అది అడగడం ఎలా అవుతుంది? కాదనడానికే ముసుగేసినట్టు. నాకేదో నిజంగా అవసరం ఉండాలి. నాకేం అవసరం? నేను పిల్లప్పట్నించీ ఈ గట్టు మీదే మేకలు కాశాను. నాకేం కాదు. వాడికే అవుతుంది."

"వాడికవుతుందని తెలిసీ తీసుకెళతావా?"

"తీసుకెళ్ళకపోతే కాదన్నట్టు. తీసుకెళ్ళి వాడికేమైనా అయితే గైడు చంపేసిందంటారు. అది ఆడపిల్లని ముందే అంటారు. నువ్వే చెప్పు, ఎటు కదలను?"

బాబాయి గాడిద మెడ గోకాడు. మంత్రి ఎంత హాయిగా కళ్ళు మూసుకుందంటే, చూస్తే తూదాకి ఏడుపొచ్చింది.

పొద్దున్నే లేచారు. వెలుగొచ్చేసరికి రాళ్ళ వాలులో సగం ఎక్కేశారు. బాబాయి బయల్లోనే ఉండిపోయాడు, గాడిద అంతపైకి రాదు. జవాద్ ఆయాసపడుతున్నా బాగానే నడుస్తున్నాడు. ఏడాదంతా మెట్లెక్కి కాళ్ళు గట్టిచేసుకున్నానని చెప్పాడు. మొదటి ఎండ గట్టుకి తగిలినప్పుడు ఎర్రగా, ఎంత బావుందంటే, తూదా ఒక్క క్షణం అన్నీ మర్చిపోయి "చూడన్నా!" అని అరిచేసింది.

గట్టు మీదికి తల పెట్టగానే ఆ అరుపు నోట్లోనే తెగిపోయింది.

గాలి అనకూడదు దాన్ని. గోడ. కనపడని గోడ వచ్చి మీదపడి, కొంచెం ఆగి, మళ్ళీ పడుతోంది. చిన్న చిన్న రాళ్ళు ఎగిరి బుగ్గలకి తగులుతున్నాయి. జవాద్ టోపీ పోయింది. కళ్ళద్దాలు పోయాయి. వాటి కోసం చేయి చాపాడు, తూదా అతని సంచీ పట్టుకుని నేలకి లాగింది. ఇద్దరూ మోకాళ్ళ మీద పడ్డారు.

"ఇంకెంత?" అని అరిచాడు.

"ఈ గట్టు మొత్తం!"

"పద!"

నడిచారు. నడక కాదది, పీతల్లా పక్కకి పాకడం. తూదా గాలి వైపు ఉండి అతన్ని లోపలివైపు నడిపించింది. గాలి ఆగినప్పుడు లేచి నాలుగడుగులు, వచ్చినప్పుడు నేలకి అంటుకోవడం. వెనక్కి చూస్తే బయలు కనపడటంలేదు, అడుగున మబ్బు చేరింది. ముందు చూస్తే గట్టు పోతూనే ఉంది. కుడివైపు వాలులో పాతమంచు మురికిగా మెరుస్తోంది. జారితే అది ఎక్కడ ఆపుతుందో తూదాకి తెలుసు. నిరుడు ఒక మేకని అక్కడే వెతికారు.

జవాద్ వైపు చూసింది. గాలికో, దేనికో, కళ్ళవెంట నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. అయినా "పద" అంటున్నాడు. గొంతు వినపడటంలేదు, పెదాల కదలిక మాత్రం కనపడుతోంది. ఒక్కసారి ఆ మనిషి వెనక్కి పోదాం అంటే చాలు! అతను అడిగితే తను కాదనదు కదా, పరిగెత్తుకుంటూ దింపేస్తుంది. కానీ అతనన్లేడు. ఆఫీసంతా కిటికీలోంచి చూస్తున్నట్టు, నానమ్మ చూస్తున్నట్టు, అతను కూడా తన మాటలో తనే ఇరుక్కుపోయాడు. తాడుకి రెండు కొసలా ఇద్దరూ కట్టి ఉన్నారు, విప్పేవాడు లేడు.

అప్పుడొచ్చింది పెద్దది. తూదా లేచి నించుని ఉంది. గాలి ఆమెని కాలికింద నేలతో సహా తీసేసినట్టు తీసేసింది. ఒక కాలు గాల్లో ఆడింది, ఎక్కడా ఆనలేదు. ఎలా పడిందో తెలియదు, పొట్ట మీద పడింది, వేళ్ళు రాళ్ళ సందుల్లోకి దూరిపోయాయి. గట్టు అంచు ఆమె మోచేతికి ఆనుకునే ఉంది.

అలాగే పడుకుని వింటోంది. ఏదో టకటకమంటోంది. తన పళ్ళు.

చలికా? కాదు. చలి ఆమెకి తెలుసు. అమ్మ ఇప్పుడు పొయ్యి ముందు కూర్చుని రొట్టె తిప్పుతూ ఉంటుంది అని, ఏ కారణం లేకుండా తట్టింది. నాకు భయమేస్తోంది, అనుకుంది తూదా. మేకలు కాసిన పిల్లకి, కార్డున్న పిల్లకి, ఈ గట్టు మీద భయమేస్తోంది! ఎంత సిగ్గేసిందో అంత ఊరటగానూ అనిపించింది, ఎందుకంటే ఇది నిజం. ఇప్పుడు తనకి నిజంగా ఒకటి అవసరం.

కానీ ఆ అవసరాన్ని నోటితో అంటే? కింద బాస్సూ ఉన్నాడు. బాస్సూ ఈ కబురు కోసమే ఇన్నాళ్ళూ కూర్చుని ఉన్నాడు. కొండ మీద గైడు భయపడిందట, చుట్టం చేయి పట్టుకుని దిగిందట. ఆ తర్వాత తూదా ఎన్నిసార్లు ఎక్కినా ఆ ఒక్కమాటే మిగులుతుంది. అనకపోతే ఈ గట్టు మిగులుతుంది.

పాకుతూ జవాద్ దగ్గరికెళ్ళి, అతని చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"జవాదన్నా! నాకు భయమేస్తోంది! నన్ను కిందికి తీసుకెళ్ళు! పాలపొత్తు మీద అడుగుతున్నా!"

అతను తల తిప్పి చూశాడు. ముందు అర్థం కాలేదు. తర్వాత మొహం గట్టిపడింది. "ఇది కాదనడమేగా? ముసుగేసి!"

"కాదు! నీ మాట అలాగే ఉంది! పదమంటే ఇప్పుడే పైకి నడుస్తా! కానీ భయం మాత్రం నిజం!"

"నా వైపు చూసి చెప్పు!"

చూసింది. ఏం చూశాడో మరి ఆమె మొహంలో. చాలాసేపు చూశాడు, లేదా గాలి వల్ల చాలాసేపనిపించింది. కావాలంటే నవ్వేయొచ్చు. పట్నం మనిషి, వడగళ్ళూ నాలుకలూ నమ్మక్కర్లేదు. శిఖరం వైపు ఒకసారి తిరిగాడు. ఆ తర్వాత చేతి తొడుగు తీసేసి ఉత్త చేయి ఆమె ముందుకి చాపాడు.

"పద చెల్లెమ్మా. నేనున్నాగా."

ఆ గొంతులో ఎంత సంతోషం! తూదాకి అప్పుడు తెలిసింది, ఆ మనిషి ఎప్పట్నుంచో ఈ మాట కోసమే చూస్తున్నాడని.

దిగారు. జవాద్ ముందు, తూదా వెనక, చేయి చేయి పట్టుకుని. తీసుకెళ్ళమని అడిగింది కాబట్టి అతనే తీసుకెళుతున్నాడు. దారి మాత్రం అతనికి తెలియదు. రెండుసార్లు తిన్నగా మంచు వాలువైపు నడిచాడు.

"కొంచెం ఎడమకన్నా."

"తెలుసు తెలుసు."

"ఇంకొంచెం."

"నువ్వు భయపడకు చెల్లెమ్మా, నేను చూసుకుంటా!"

వేళ్ళు ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే బయలు చేరేసరికి ఆమె చెయ్యి తిమ్మిరెక్కి ఎవరిదో చెయ్యిలా వేలాడింది.

బాస్సూ వంటటెంటులో అందరూ చేరి ఉన్నారు. గాడిదలవాళ్ళు, వంటవాడు, పేకాట విసుగెత్తిన ఫ్రెంచివాళ్ళు. హద్దూ బాబాయి వాళ్ళిద్దర్నీ చూసి లేచి వచ్చి తూదా భుజాలు రెండూ గట్టిగా నొక్కి, ఉన్నాయా లేదా అని చూసుకున్నట్టు, వెళ్ళి గాడిదకి గడ్డి వేశాడు. గడ్డి అప్పటికే వేసి ఉంది.

"ఎక్కారా?" అన్నాడు బాస్సూ.

"లేదు" అన్నాడు జవాద్ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. మొహం వెలిగిపోతోంది. "మా చెల్లెలికి భయమేసింది. నేనే దింపుకొచ్చా. చేయి పట్టుకుని."

టెంటు నవ్వులతో పేలిపోయింది. గాడిదలవాళ్ళు తొడలు కొట్టుకున్నారు. వంటవాడు గరిటె పడేశాడు. బాస్సూ నవ్వుతూ నవ్వుతూ దగ్గాడు. "గైడమ్మని దింపుకొచ్చాడర్రా! ఇంక కార్డు ఆయన మెళ్ళో వెయ్యండి!"

"నిజమేనటే?" అన్నాడు హద్దూ బాబాయి టెంటు గుమ్మంలోంచి, మెల్లిగా.

జవాద్ అబద్ధం చెప్పలేదు. ఒక్క ముక్క కూడా. పాలపొత్తు మనిషిని నలుగురిలో చిన్నబుచ్చకూడదు, ఎడమకి ఎడమకి అన్నది ఎవరో చెప్పకూడదు. తూదా తిమ్మిరెక్కిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని రెండో చేత్తో రుద్దుకుంటోంది.

"నిజమే బాబాయ్" అంది.

నవ్వు మళ్ళీ లేచింది. జవాద్ ఆ నవ్వుల్లో అటూ ఇటూ చూశాడు. తను చెప్పిన మాట ఎవరికి తగిలిందో అప్పుడే అర్థమైనట్టు అతని నవ్వు కొంచెం కొంచెంగా ఆరింది. గ్లాసు కింద పెట్టాడు.

"చెల్లెమ్మా, ఇంకొక్కటి అడగాలి."

"అయ్యా, వద్దయ్యా!" అని హద్దూ బాబాయి మంత్రి వైపు పరిగెత్తాడు గానీ అది గడ్డి నములుతోంది, అరవలేదు.

"వచ్చే వేసవికి మళ్ళీ వస్తా. మళ్ళీ నువ్వే తీసుకెళ్ళాలి. ఈసారి గాలి నువ్వు చూడు, రోజు నువ్వు చెప్పు, వెనక్కి పదమంటే నోరెత్తను. కానీ నువ్వే. వీళ్ళెవరూ వద్దు." వీళ్ళు అన్నప్పుడు బాస్సూ వైపు చూశాడు. "పాలపొత్తు మీద అడుగుతున్నా."

బాస్సూ నవ్వు ఆపాడు. అందరూ తూదా వైపు తిరిగారు. మేలు చేశాననుకుంటూ కళ్ళు పెద్దవి చేసుకుని జవాద్ కూడా. బయట గాలి ఇప్పుడు బయల్లోకి కూడా దిగింది, టెంటు గుడ్డ ఒకవైపు లోపలికి పొట్టలా ఉబ్బి ఆమె వీపుకి ఆనుకుంటోంది.

"సరే అన్నా" అంది తూదా.

ఇంకేమంటుంది? తనకి అతన్ని తీసుకెళ్ళాలని ఉందో లేదో ఆలోచించుకునే వీలు మాత్రం ఈసారి కూడా ఎవరూ ఇవ్వలేదు.